వానలకు ముందు చూరు, దోనె, తూము: శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మే నెల సగం దాటగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "రాత్రి ఈదురుగాలి వానకి హాల్లో నీళ్లు కారాయండీ, శ్లాబు పోయినట్టుంది, ఓసారి వచ్చి చూడండి" అంటారు. మేడ ఎక్కి చూస్తే చాలాసార్లు శ్లాబుకి ఏమీ అయి ఉండదు. మూల తూములో వేపాకు, పాత పాలిథిన్ కవరు, గుప్పెడు మట్టి ఉంటాయి. నీళ్లకి బయటికి పోయే దారి లేక నిలిచిపోయి, ఎక్కడ సన్న పగులు దొరికితే అక్కడినుంచి కిందికి దిగుతాయి. ఇరవై ఏళ్లుగా ఈ రెండు జిల్లాల్లో పాత ఇళ్ల మరమ్మతు పనులు చేయిస్తున్నాను. నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలకి ఇక్కడ జవాబులు రాశాను. చివరి దగ్గర మంచు కురిసే దేశాల్లో పిల్లలున్న తల్లిదండ్రుల ప్రశ్న కూడా ఉంది. ఈమధ్య అది ఎక్కువమందే అడుగుతున్నారు.

దోనె అంటే ఏది? మా ఇంటికి అలాంటిదేం లేదు కదా?

పెంకుటింటికో, రేకుల ఇంటికో చూరు అంచున నీళ్లు పట్టి ఒక పక్కకి తీసుకెళ్లే తొట్టిలాంటి భాగమే దోనె. గట్టర్ అని కూడా అంటున్నారు. శ్లాబు ఇంటికి దోనె ఉండదు. పిట్టగోడ అడుగున తూము, దానికి తగిలించిన పైపు ఉంటాయి. పని మాత్రం ఒకటే, కప్పు మీద పడ్డ నీళ్లని గోడకీ పునాదికీ తగలకుండా దూరంగా పంపడం. వాకిట్లో సజ్జ మీద కూడా చిన్న పైపు ముక్క ఒకటి బయటికి వచ్చి ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. కిటికీ పైన గోడ చెమ్మగా ఉందని రంగులు మార్చేవాళ్లు ముందు ఆ పైపు ముక్కలో పుల్ల పెట్టి చూడండి.

శుభ్రం ఏ నెలలో చేయించాలి?

ఏడాదికి రెండుసార్లు.

మొదటిది రోహిణి కార్తెలో, అంటే మే 25 తర్వాత, మృగశిర రాకముందే. ఇంకా ముందు చేస్తే ఫలితం ఉండదు. మన దగ్గర వేప ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాలుస్తుంది, ఉగాదికి పూత, ఆ తర్వాత కాయ. కానుగ ఏప్రిల్, మే నెలల్లో పూలు రాలుస్తుంది. ఉగాదికి ఇల్లు దులిపినప్పుడే మేడా కడిగేశాం కదా అనుకుంటే ఆ తర్వాత రాలిందంతా తూములోకే చేరుతుంది. నైరుతి రుతుపవనాలు మనవైపు మామూలుగా జూన్ రెండో వారానికి వస్తాయి. అందుకే మే చివరి వారం సరైన సమయం. ఎండ ముదరకముందు, పొద్దున్న ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదికల్లా ముగించండి.

రెండోది సెప్టెంబరు 20 లోపు. ఈ తేదీకి ఒక కారణం ఉంది. పైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న, గులాబ్ 2021 సెప్టెంబరు 26న తీరం దాటాయి. మన జిల్లాలని వణికించిన ఈ నాలుగు తుఫాన్లూ హస్త, చిత్త కార్తెల చుట్టూ, పదిహేడు రోజుల వ్యవధిలోకే వస్తాయి. సిరిమాను పండక్కి చుట్టాలొస్తారని ఇల్లు సర్దుకుంటాం కదా, విజయనగరం వాళ్లు అంతకుముందే మేడ పని కూడా కలిపేసుకుంటే మంచిది.

శ్లాబు ఇంటికి ఏం చేయాలి, ఎలా చేయాలి?

నీళ్లు కొట్టి కడిగేయడంతో మొదలుపెట్టకండి. అందరూ చేసే తప్పు అదే. పొడిగా ఉన్న చెత్తని నీళ్లతో తోస్తే అది నేరుగా తూములోకి వెళ్లి పైపు వంపులో కూర్చుంటుంది. ముందు పొడి చీపురుతో తూముకి దూరంగా, వెనక్కి ఊడ్చి చెత్తంతా గోనె సంచిలోకి ఎత్తాలి. మూలల్లో గట్టిపడ్డ మట్టిని తాపీతో నెమ్మదిగా గీకండి, పారతో కొడితే పైపూత లేచిపోతుంది. తూము నోట్లో చెయ్యి పెట్టకుండా ముందు కర్రతో కదపండి. తేళ్లు, జెర్రులు చల్లగా ఉంటుందని అక్కడ చేరతాయి. గ్లౌజులు వేసుకుని లోపలున్నది చేత్తో బయటికి లాగాలి, లోపలికి తోయకూడదు.

తర్వాత బకెట్ పరీక్ష. ఒక బకెట్ నీళ్లు తూము దగ్గర ఒక్కసారిగా పోయండి. కింద ఇంకొకరు పైపు చివర నిలబడాలి. నీళ్లు వెంటనే ధారగా వస్తే దారి బాగున్నట్టు. బుడబుడమని ఆగి ఆగి వచ్చినా, పైన సుడి తిరగకుండా నిలబడినా పైపులో ఏదో ఉంది. అప్పుడు కింద వంపు ఊడదీసి అక్కడినుంచి పైకి పొడవాలి. పైనుంచి ఇనప ఊచ దించి బలంగా పొడిస్తే ఎండకి పెళుసైన పైపు పగులుతుంది, ఆ పగులు గోడవైపు ఉంటే మీకు కనపడదు కూడా.

గులాబ్ రాత్రి మా సొంతింట్లోనే ఇలా జరిగింది. పదిమంది ఇళ్లు చూసేవాణ్ని, మా మేడ మీద వెనక తూము ఆ ఏడాది చూడలేదు. పిల్లలు ఆడుకునే రబ్బరు బంతి ఒకటి సరిగ్గా తూము నోటికి అమరిపోయింది. అర్ధరాత్రికి మెట్లమీంచి నీళ్లు ఇంట్లోకి దిగుతుంటే గొడుగు వేసుకుని పైకి వెళ్లాను, మోకాలికి కొంచెం కిందవరకూ నీళ్లు. ఆ చీకట్లో తూము ఎక్కడుందో కాళ్లతో వెతుక్కున్నాను. ఆ రోజునుంచి మా ఇంట్లో మేడ మీద ఆడుకున్న వస్తువులు సాయంత్రం లెక్కపెట్టి దించాల్సిందే.

నీళ్లు కాసేపు నిలిస్తే ఏమవుతుందిలెండి?

ఒక లెక్క చెప్తాను. వెయ్యి చదరపు అడుగుల మేడ అంటే సుమారు 93 చదరపు మీటర్లు. దాని మీద ఆరు అంగుళాల నీళ్లు నిలిస్తే దాదాపు 14 టన్నుల బరువు. ఇంటికి ముందే ఉన్న బరువు మీద ఇది అదనం. పాత ఇల్లయి, లోపల ఊచ తుప్పు పట్టి పెచ్చులూడుతుంటే ఇది చిన్న విషయం కాదు. బరువు సంగతి అటుంచినా, ప్రవహించే నీళ్లు పగులు మీదుగా దాటిపోతాయి, నిలిచిన నీళ్లు పగుల్లోకి దిగుతాయి. దిగిన నీళ్లు ఊచకి తగులుతాయి, తుప్పు ఉబ్బి సిమెంటుని బయటికి నెడుతుంది. రెండు మూడేళ్ల తర్వాత సీలింగ్ ఊడి మంచం మీద పడినప్పుడు ఆ తూము ఎవరికీ గుర్తు రాదు.

తూములు శుభ్రంగా ఉన్నా మా మేడ మీద నీళ్లు నిలుస్తున్నాయి. ఎందుకు?

వాటం లేదు కాబట్టి. శ్లాబు పైపూతకి తూమువైపు కనీసం నూరుకి ఒకటి చొప్పున వాలు ఉండాలి. అంటే పది అడుగులకి ఒకటింపావు అంగుళం. కట్టినప్పుడు మేస్త్రి ఇచ్చిన వాటం సరిగానే ఉన్నా, తర్వాత ట్యాంకు దిమ్మెలు కట్టినప్పుడో, పైన గది లేపినప్పుడో అది తప్పిపోతుంది. వాన వెలిశాక గంట ఆగి పైకి వెళ్లి, నీళ్లు నిలిచిన చోటు చుట్టూ సుద్దముక్కతో గీత గీసి పెట్టుకోండి. మేస్త్రి వచ్చేది ఎండ రోజున, అప్పుడు పల్లం ఎక్కడో ఎవరికీ కనపడదు. గీత చూపిస్తే అక్కడివరకే పూత వేయించుకోవచ్చు, మేడంతా తవ్వించాల్సిన పని ఉండదు. వాటర్ ప్రూఫ్ రంగు కొట్టించేస్తే సరిపోతుందా అని అడుగుతారు. వాటం సరిచేయకుండా రంగు కొట్టిస్తే ఆ రంగు మీదే నీళ్లు నిలుస్తాయి.

పైపులు ఎన్ని ఉండాలి?

గంటకి 100 మిల్లీమీటర్ల జోరు వాన లెక్కలో నాలుగంగుళాల పైపు ఒకటి సుమారు 40 చదరపు మీటర్ల కప్పుకి, అంటే 430 చదరపు అడుగులకి సరిపోతుంది. వెయ్యి చదరపు అడుగుల మేడకి మూడు ఉంటే నిశ్చింత. మూడంగుళాల పైపైతే ఇందులో సగం కూడా లాగదు. చాలా ఇళ్లకి మొత్తం మీద మూడంగుళాల పైపులు రెండే పెడుతున్నారు, ఎలివేషన్‌కి అడ్డంగా కనపడతాయని. ముందువైపు అందం కావాలంటే పక్క గోడకి పెట్టించుకోండి, సంఖ్య మాత్రం తగ్గించకండి. ఇంకో మాట, ఒక్క తూమే ఉన్న మేడకి పిట్టగోడలో, నేలకి నాలుగంగుళాల ఎత్తున ఇంకో చిన్న రంధ్రం పెట్టించండి. ఉన్న తూము మూసుకుపోయినా నీళ్లు అందులోంచి బయటికి దూకుతాయి. మీరు చూసి తెలుసుకుంటారు కూడా.

మాది పాత పెంకుటిల్లు. దోనె పెట్టించాలా, చూరు నీళ్లు అలా వదిలేయాలా?

చుట్టూ ఖాళీ స్థలం ఉండి, అరుగు ఎత్తుగా ఉండి, చూరు గోడ దాటి బాగా ముందుకి వచ్చి ఉంటే వదిలేయొచ్చు. మన పెద్దలు అలాగే కట్టారు. చూరు నీళ్లు పడేచోట చిన్న కాలువలా తీసి రాళ్లు పరిచేవాళ్లు. నీటి దెబ్బకి మట్టి చిమ్మి గోడకి పడకూడదని. ఆ రాళ్లు పూడిపోతే మళ్లీ పైకి తేల్చండి, అంతే. మట్టి గోడలైతే మాత్రం ఆ చిమ్మటే ప్రమాదం. గోడ అడుగు భాగం ఏటా కొద్దికొద్దిగా కరిగి, ఒక ఏడాది ముసురు నాలుగు రోజులు పట్టినప్పుడు కూలుతుంది. అలాంటి ఇంటికి దోనె తప్పనిసరి.

పెంకుటింట్లో అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది రెండు కప్పులు కలిసే లోతట్టు చోటు. అక్కడ వేసిన జింకు రేకులో ఆకు, విరిగిన పెంకు ముక్కలు, ఉడత గూళ్లు చేరతాయి. రెండు కప్పుల నీళ్లూ ఒక్కచోటికే వస్తాయి కాబట్టి కొంచెం అడ్డు పడినా పొంగి దూలం మీదకి దిగుతాయి. దూలం చివర నల్లబడి, గోరుతో నొక్కితే మెత్తగా ఉంటే వెంటనే వడ్రంగిని పిలవండి. కోతులు తిరిగే ఊళ్లలో పెంకులు ఏటా సర్దించాల్సిందే. ఆ మనిషి పైకెక్కిన రోజునే దోనె పని కూడా చేయించుకోండి, రెండుసార్లు ఎక్కిస్తే పెంకులు రెండుసార్లు విరుగుతాయి.

దోనె వాటం ఎంత ఉండాలంటే, పది అడుగులకి పావు అంగుళంనుంచి అర అంగుళం. అంతకన్నా వాలిస్తే జోరు వానలో నీళ్లు చివరికొచ్చి ఎగిరి దూకుతాయి. కొక్కేలు రెండు అడుగులకొకటి ఉండాలి. కొక్కేనికీ కొక్కేనికీ మధ్య దోనె కిందికి వేలాడుతుంటే అక్కడ నీళ్లు, మట్టి నిలిచి బరువెక్కి ఇంకా వేలాడుతుంది.

సిమెంటు రేకుల ఇంటి మీదకి ఎక్కవచ్చా?

వద్దు. నిచ్చెన వేసుకుని అంచునుంచే పని చేయండి. పాత సిమెంటు రేకు పైకి గట్టిగా కనపడుతుంది, కాలు పెట్టగానే పగులుతుంది. తప్పనిసరై ఎక్కాల్సి వస్తే, అలవాటున్న మనిషే, కింద దూలం ఉన్న చోట, అంటే బోల్టులు వరసగా కనపడే చోట, పొడవాటి చెక్క పరిచి దాని మీదే నడవాలి. పాకుడు పట్టిందని పొడిగా రుద్దకండి. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, దాని ధూళి ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. తడిపి, ముక్కుకి మాస్కు కట్టుకుని, మెత్తని చీపురుతో తీయండి. ఇనప రేకులకి ఈ భయం లేదు కానీ తడిగా ఉంటే జారతాయి.

తూముకి జాలీ పెడితే ఇక చూడక్కర్లేదా?

జాలీ పెట్టాలి, చూడనూ చూడాలి. బల్లపరుపు జాలీ కన్నా బోర్లించిన గిన్నెలా పైకి ఉబ్బి ఉండేది మేలు. అడుగున ఆకు చుట్టుకున్నా పైనున్న రంధ్రాల్లోంచి నీళ్లు పోతాయి. బల్లపరుపుది ఒక్క పనసాకు పడితే చాలు, మూతపడ్డట్టే. దోమల వలలాంటి సన్న వల మాత్రం పెట్టకండి. మునగాకు, వేప పూత, కొబ్బరి పీచు దానికి అంటుకుని రోజు తిరగకుండా మూసుకుపోతుంది.

పైపు పక్కన రావి మొక్క మొలిచింది. పీకేస్తే సరిపోతుందా?

పైకి పీకితే తెగిపోయి వేరు లోపలే ఉంటుంది, మళ్లీ మొలుస్తుంది. నాలుగాకులున్నప్పుడే, వాన పడి నానిన మర్నాడు, వేరుతో సహా లాగాలి. ముదిరిపోతే చుట్టూ సిమెంటు గీకి, వేరు కనపడినంతవరకూ తీసి, ఆ సందు మళ్లీ పూడ్పించాలి. దేవతా వృక్షమని కొట్టడానికి మనసొప్పనివాళ్లు చిన్నగా ఉన్నప్పుడే తీసి చెరువు గట్టున నాటండి. మా అమ్మ అలాగే చేసేది. గోడలో పెరిగిన రావి చివరికి గోడనీ పడగొడుతుంది, తనూ పడిపోతుంది.

పక్కింటివాళ్ల చూరు నీళ్లు మా స్థలంలో పడుతున్నాయి. ఏం చేయాలి?

ఊళ్లలో సగం సరిహద్దు తగాదాలు ఇక్కడే మొదలవుతాయి. చట్టం సంగతి ముందు చెప్తాను. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం ఒకరి చూరు నీళ్లు పక్క స్థలంలోకి ఇరవై ఏళ్లపాటు, బహిరంగంగా, అడ్డు లేకుండా, హక్కుగా పడుతూ వస్తే ఆ హక్కు స్థిరపడే అవకాశం ఉంది. అందుకని పాత ఇంటితో "రేపట్నుంచి ఆపేయండి" అని గొడవకి దిగే ముందు ఒక వకీలుని అడగండి. కొత్తగా కట్టేవాళ్లకి ఆ వెసులుబాటు లేదు.

నా అనుభవంలో కోర్టు కన్నా దోనె చవక. ఆమదాలవలసలో ఒక సందులో అన్నదమ్ముల ఇళ్లు రెండు. మాటల్లేవు. తమ్ముడు దోనె ఖర్చు పెట్టుకుంటానన్నాడు, అన్న తన గోడకి కొక్కేలు కొట్టుకోనిచ్చాడు. పైపు రోడ్డు కాలువలోకి వదిలాం. అరపూట పని. "అన్నయ్యా, నీ గోడకి ఇంక చెమ్మ రాదు" అని తమ్ముడే పైకి వినపడేలా చెప్పాడు. ఆ మాటకి ఆయన ఏమీ అనలేదు కానీ లోపలినుంచి మాకు టీ వచ్చింది.

పైపు చివర నీళ్లు ఎక్కడికి వదలాలి?

పునాది పక్కన మాత్రం కాదు. కనీసం నాలుగైదు అడుగుల దూరం తీసుకెళ్లండి. రేగడి నేలలో ఇది మరీ ముఖ్యం. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. ఒక మూల మాత్రమే తడుస్తూ ఉంటే పునాది ఒకవైపు లేచి గోడకి మెట్లు మెట్లుగా పగుళ్లు వస్తాయి. ఎర్ర నేలలో ఆ ఉబ్బు ఉండదు, మట్టి కోసుకుపోతుంది. మరుగుదొడ్డి గుంతలోకి వాన పైపు కలపకండి, ఒక్క పెద్ద వానకి గుంత నిండి వెనక్కి తన్నుతుంది.

ఆ నీళ్లు బావికో, ఇంకుడు గుంతకో పంపవచ్చా?

తప్పకుండా పంపండి. మన జిల్లాల్లో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైనే వాన పడుతుంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వెయ్యి చదరపు అడుగుల మేడ మీద ఏడాదికి 90 వేల లీటర్ల పైచిలుకు పడుతుందన్నమాట. అంత నీళ్లు కాలువ పాలు చేసి ఏప్రిల్‌లో ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని నిలబడటం నాకు బాధగా ఉంటుంది. మొదటి వాన, అలాగే ఎండ కాసిన చాలా రోజుల తర్వాత పడే వాన మాత్రం బయటికే వదిలేయండి. కప్పు మీదున్న ధూళి, పక్షుల రెట్ట అంతా అందులోనే వస్తుంది. పైపుకి మధ్యలో టీ అనే మూడు నోళ్ల అతుకు, దానికి మూత పెట్టించుకుంటే మొదటి పది నిమిషాలు బయటికి, తర్వాత గుంతలోకి తిప్పుకోవచ్చు. సిమెంటు రేకుల మీద పడ్డ నీళ్లు తాగడానికి వాడకండి, మొక్కలకి సరిపోతాయి.

దోనెలో కొంచెం నీళ్లు నిలిస్తే డెంగీ వస్తుందా?

డెంగీ దోమ మురుగులో కాదు, ఇలాంటి తేట నీళ్లలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డునుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. ఇంటి చుట్టూ కొబ్బరి చిప్పలు, టైర్లు, పూల కుండీలు అన్నీ బోర్లించి, తలపైన దోనెని మరిచిపోతాం. వారానికోసారి నీళ్ల తొట్లు ఎండబెట్టే రోజున నిచ్చెనేసి దోనె కూడా ఒకసారి చూడండి.

సముద్రం దగ్గర ఇంటికి ఏ రకం మంచిది?

కళింగపట్నం, భావనపాడు, భోగాపురం వైపు ఇనప దోనెలు ఉప్పుగాలికి త్వరగా తుప్పు పడతాయి. పీవీసీ మేలు, ఎండకి పెళుసెక్కకుండా పైన రంగు వేయించండి. స్క్రూలు, క్లాంపులు స్టెయిన్‌లెస్ స్టీలువి అడిగి కొనండి. దోనె బాగానే ఉండి స్క్రూ తుప్పు పట్టి ఊడిపోయిన ఇళ్లు చాలా చూశాను.

తుఫాను హెచ్చరిక వచ్చింది, ఒక్క రోజే ఉంది. ముందు ఏం చేయాలి?

గాలి మొదలవకముందే చేసేవే చేయండి. మేడ మీద పూల కుండీలు, రేకు ముక్కలు, ఖాళీ డబ్బాలు, డిష్ పక్కన పడున్న ఇటుకలు అన్నీ కిందికి దించాలి. తూములు ఒకసారి చూసి, జాలీ వదులుగా ఉంటే గట్టిగా బిగించాలి. ఊగుతున్న దోనె ముక్క ఉంటే కొక్కేనికి బైండింగ్ వైరుతో కట్టేయండి, అదీ కుదరకపోతే ఊడదీసి ఇంట్లో పెట్టేయండి. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకి 140, 150 కిలోమీటర్ల మీద ఉంది. ఆ గాలిలో ఊడిన రేకు కత్తితో సమానం. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలే నేలకొరిగాయి, మన దోనె ఎంత.

గాలి మొదలయ్యాక ఎవరూ పైకి వెళ్లకూడదు. తూము మూసుకుపోయి నీళ్లు దిగుతున్నా సరే, గాలి పూర్తిగా తగ్గేవరకూ బకెట్లు పెట్టుకుని కూర్చోండి. తగ్గాక కూడా ముందు కరెంటు తీగలు చూడండి. సర్వీసు వైరు దోనెకో, రేకుకో తగిలి ఉంటే ముట్టుకోకుండా 1912కి ఫోన్ చేయండి. నేను గులాబ్ రాత్రి పైకి వెళ్లడం తప్పే, మీరు ఆ పని చేయకండి.

మా అమ్మాయి అమెరికాలో మిన్నెసోటాలో ఉంటుంది. ఏప్రిల్‌లో వెళ్తున్నాం. అక్కడ మంచు కరిగాక గట్టర్లు చూసుకోవాలంటున్నారు. మన పద్ధతే పనికొస్తుందా?

కొంతవరకే. అదే మిన్నెసోటాలోని మినియాపోలిస్‌లో మా తమ్ముడి ఇంట్లో ఒక వసంతకాలం ఉన్నాను కాబట్టి చూసింది చెప్తాను. మనకి దోనెని పాడుచేసేది ఆకు, మట్టి. అక్కడ వాటితోపాటు ఐసు బరువు. చలికాలమంతా కప్పు మీద మంచు ఉంటుంది. ఇంట్లో హీటరు వేడి అటకలోకి పాకి కప్పుని వెచ్చబెడితే ఆ మంచు అడుగునుంచి కరుగుతుంది. కరిగిన నీళ్లు చూరు దాకా వచ్చి, అక్కడ కింద వేడి లేదు కాబట్టి మళ్లీ గడ్డకడతాయి. అలా చూరు వెంబడి ఐసు కట్ట పేరుకుంటుంది. ఐస్ డ్యామ్ అంటారు. దాని వెనక నిలిచిన నీళ్లు షింగిల్స్, అంటే కప్పు మీద మన పెంకుల్లా పరిచే పలకల కిందికి దూరి గదుల్లోకి దిగుతాయి. మన తూము మూసుకుపోతే జరిగేదే ఇది, అడ్డు పడింది ఆకు బదులు ఐసు.

అందుకని అక్కడ ఏప్రిల్‌లో చూడాల్సినవి వేరు. దోనె గోడ చెక్కనుంచి ముందుకి వంగిందా, కొక్కేలు వదులయ్యాయా, అతుకులు విడిపోయాయా అని ముందు చూడాలి. దోనెలో నల్లని ఇసుకలాంటి పొడి ఎక్కువగా కనపడితే అది షింగిల్స్‌నుంచి రాలింది, కప్పు పాతబడుతోందని గుర్తు. కింద పైపు చివర నీళ్లు గోడకి కనీసం నాలుగునుంచి ఆరు అడుగుల దూరం పోవాలి, ఎందుకంటే అక్కడ చాలా ఇళ్లకి నేల కింద బేస్‌మెంట్ ఉంటుంది. చలికాలంలో మంచు పారతో తోసేటప్పుడు ఆ చివరి పైపు ముక్క ఊడిపోయి ఎక్కడో పడి ఉంటుంది, వెతికి తగిలించండి. పగలు కరిగిన నీళ్లు నడిచే దారి మీద పడితే రాత్రికి గడ్డకట్టి జారతారు.

ఇంకో తేడా సమయం. ఏప్రిల్‌లో నేల నానిపోయి మెత్తగా ఉంటుంది, నిచ్చెన ఒక కాలు దిగబడుతుంది. నేల ఆరేదాకా ఆగాలి. అక్కడ మేపుల్ చెట్లు వసంతం చివర రెక్కల గింజలు రాలుస్తాయి, అవి దోనెలో పడి మొలకెత్తుతాయి కూడా. మనం ఉగాదికి కడిగేసి మోసపోయినట్టే వాళ్లూ ఏప్రిల్‌లో ఒక్కసారి చేసి వదిలేస్తే మోసపోతారు. ఆ గింజలు రాలాక ఇంకోసారి చూడాలి. ఐసుని సుత్తితో కొట్టడం, వేడినీళ్లు పోయడం చేయనివ్వకండి, కప్పూ పోతుంది, మనిషీ పడతాడు. ఏటా ఐస్ డ్యామ్ వస్తుంటే అసలు పని దోనెలో లేదు, అటకలో ఉంది. వేడి పైకి పోకుండా అక్కడ ఇన్సులేషన్ వేయించమని అల్లుడిగారికి చెప్పండి. ఇక మీరు స్వయంగా నిచ్చెన ఎక్కకండి. కింద నిలబడి ఏది ఎక్కడ వంగిందో చూపిస్తే అదే వాళ్లకి పెద్ద సాయం.

ఈ పని మనమే చేసుకోవాలా, మనిషిని పెట్టాలా?

ఒక అంతస్తు శ్లాబు, మెట్లు, పిట్టగోడ ఉంటే మీరే చేసుకోండి. నిచ్చెన వేయాల్సి వస్తే ఆలోచించండి. అరవై దాటినవాళ్లు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు, తల తిరిగే అలవాటున్నవాళ్లు ఎక్కొద్దు. నిచ్చెన నాలుగు అడుగుల ఎత్తుకి ఒక అడుగు చొప్పున గోడకి దూరంగా నిలబెట్టాలి, కింద ఒకరు పట్టుకోవాలి. కరెంటు తీగ దగ్గరగా ఉంటే అల్యూమినియం నిచ్చెన అసలు వద్దు, వెదురుది అయినా తడిగా ఉండకూడదు. ఉరుము వినపడితే దిగిపోవాలి. మనవైపు వేసవి సాయంత్రాల్లో పిడుగులు ఎక్కువ.

కూలికి మనిషిని పిలిస్తే చెత్త ఎత్తి కిందికి దించేవరకూ మాట్లాడుకోండి. ఊడ్చి మేడ మూలన పోసి వెళ్లిపోతే మొదటి గాలికి మళ్లీ తూములోకే వస్తుంది.

అద్దె ఇంట్లో ఉంటున్నాం, ఓనరు పట్టించుకోవడం లేదు.

తూము దగ్గర చెత్త తీయడం మీరే చేసుకోండి, తడిసేవి మీ సామాన్లే. పైపు మార్చడం, వాటం సరిచేయడం ఓనరు పని. నీళ్లు నిలిచిన ఫోటో, సీలింగ్ చెమ్మ ఫోటో, రెండూ ఒకే రోజు తీసి వాట్సాప్‌లో పంపండి. మాటల కన్నా అవి త్వరగా పని చేస్తాయి.

పని సరిగా అయిందో లేదో ఎలా తెలుస్తుంది?

జూన్‌లో మొదటి గట్టి వాన పడ్డప్పుడు, ఉరుములు లేకపోతే, గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. ప్రతి పైపు చివరా చూడండి, అన్నిటిలోంచీ ఇంచుమించు ఒకేలా ధార రావాలి. ఒకదాంట్లోంచి సన్నగా వస్తే దాని తూములో ఇంకా ఏదో ఉంది. చూరు అంచునుంచి కాకుండా దోనెకీ గోడకీ మధ్యనుంచి నీళ్లు కారుతుంటే దోనె వెనక్కి వంగినట్టు. లోపలికి వచ్చి గదుల మూలల్లో సీలింగ్‌కి అరచెయ్యి ఆనించి చూడండి, చెమ్మ కంటికి కనపడకముందే చేతికి చల్లగా తగులుతుంది. అలా తగిలిన చోటుని గోడ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, వాన వెలిశాక సరిగ్గా దాని పైకి వెళ్లి చూడండి.